ఆఫీసు పీసీకి ప్రాసెసర్ కొంటున్నారా? పేరు చివర అక్షరం చూడండి

టాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌లో పది పదిహేను ట్యాబులు. మామూలు ఆఫీసులో పని ఇంతే. దీనికి ఇంటెల్ కంపెనీ ఖరీదైన ప్రాసెసర్ ఐ7 అక్కర్లేదు, నాలుగు కోర్ల ఐ3 12100 లాంటిది సరిపోతుంది. మిగిలిన డబ్బు 16 జీబీ ర్యామ్‌కి, మంచి ఎస్‌ఎస్‌డీకి (డేటా దాచుకునే వేగమైన డ్రైవ్) పెట్టండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది.

అయితే బిల్లు కట్టే ముందు ప్రాసెసర్ పేరు చివర ఒకసారి చూడండి. ఇంటెల్‌లో అక్కడ ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ (మానిటర్‌కి బొమ్మ పంపే భాగం) ఉండదు. 12100ఎఫ్ కాస్త చవగ్గా వస్తోందని నేనోసారి తీసుకున్నాను. అన్నీ బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అంటోంది. గంటసేపు ర్యామ్ తీయడం, పెట్టడం, ఒకటే టెన్షన్. చివరికి గ్రాఫిక్స్ కార్డు కొనాల్సొచ్చింది. మిగిలినదానికంటే పోయిందే ఎక్కువ! ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీలోనూ ఇలాంటి తిరకాసే: రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జీలో ఉంది.

ఇక డ్రైవ్. ఎం.2 అనేది ఆకారం పేరు, వేగం పేరు కాదు. అదే చిన్న పట్టీ రూపంలో సాటా అనే పాత పద్ధతి డ్రైవులూ వస్తాయి, అవి సెకనుకి 550 ఎంబీ దగ్గరే ఆగిపోతాయి. పెట్టె మీద ‘ఎన్‌వీఎంఈ’ (సాటా కంటే వేగమైన పద్ధతి) అని ఉందో లేదో చూసుకోండి. అందులో జెన్3 తరం చాలు, ఇంకా వేగమైన జెన్5 పెట్టినా టాలీకి ఏం తెలుస్తుంది? పాత హార్డ్ డిస్క్ బాగానే పనిచేస్తుంటే పారేయకండి. రోజూ సాయంత్రం టాలీ డేటా దాంట్లోకి కాపీ చేసుకోవచ్చు.