గంజాయి చట్టం మారిందన్న వార్తను చదవడం ఎలా?

రాయగడ కోర్టు ఎదుట మాది జిరాక్స్ దుకాణం. "బాబాయ్, గంజాయికి అనుమతి వచ్చేసిందట కదా?" అంటూ కుర్రవాళ్లు ఫోను చూపిస్తుంటారు. నేను ముందు తారీఖు, తర్వాత దేశం పేరు చూడమంటాను. 2020లో ఐక్యరాజ్యసమితి సంఘం గంజాయిని అతి కఠినమైన జాబితా నుంచి తీసేసింది, భారత్ కూడా అందుకు ఓటేసింది. అయినా ఇక్కడ గంజాయికి వర్తించేది 1985 నాటి మత్తుపదార్థాల నిరోధక చట్టమే (ఎన్‌డీపీఎస్).

తర్వాత, మొక్కలో ఏ భాగం గురించి రాశారో చూడండి. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొసలు. విడిగా ఉన్న ఆకు, గింజ కావు. శివరాత్రి భంగును ఆకుతోనే చేస్తారు, దాని కథంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది! నార కోసం సాగుకు ఉత్తరాఖండ్ ఇచ్చిన అనుమతి కూడా వేరే సంగతి. శీర్షికల్లో అన్నీ కలగలిసిపోతాయి.

ఇక బరువు. కిలో దాటకపోతే ఏడాది వరకు జైలు, 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. అప్పుడు బెయిలుకు అదే చట్టంలోని 37వ సెక్షన్ అడ్డుపడుతుంది.

మొన్న ఒక అబ్బాయి కాగితాలకు నకళ్లు తీశాను. చుట్టం ఇచ్చిన సంచిని పార్వతీపురంలో దింపబోయాడట. అందులో 21 కిలోలు. వాళ్లమ్మ కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టింది.