మాన్‌స్టెరా ఆకులు పసుపెక్కితే ముందు వేర్లు చూడండి: సమస్యలు - పరిష్కారాలు

చీలికలున్న పెద్ద ఆకుల అందం కోసం ఇంట్లో పెంచే మాన్‌స్టెరాకు ఏ ఇబ్బంది వచ్చినా అది మొదట ఆకులో కనబడుతుంది, కారణం మాత్రం చాలాసార్లు మట్టిలో ఉంటుంది. దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు ఉన్న తేమ అడవులలో ఈ మొక్క పక్కనున్న చెట్టును గాలివేర్లతో పట్టుకొని పైకి పాకుతుంది. రాలిన ఆకులు, బెరడు కుళ్ళి ఏర్పడిన గుల్ల మట్టిలోనూ, పెద్ద చెట్ల కొమ్మల సందుల్లోంచి దిగే వెలుతురులోనూ బతకడానికి అలవాటుపడిన మొక్క ఇది. వేర్లకు గాలి ఆడకపోయినా, ఆకులకు వెలుతురు చాలకపోయినా ఇంట్లో దానికి కష్టాలు మొదలవుతాయి.

సమస్య: ఆకులు పసుపెక్కి వాలిపోతున్నాయి

అన్నిటికన్నా కిందనున్న ముదురు ఆకు ఎప్పుడో ఒకటి పసుపెక్కి రాలితే కంగారు పడనక్కరలేదు, అది సహజమే. ఒకేసారి రెండు మూడు ఆకులు పసుపెక్కినా, కాండం మొదలు మెత్తబడినా వేరుకుళ్ళును అనుమానించాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. నీరు చాలకపోయినా ఆకు వాలుతుంది, నీరు ఎక్కువై వేర్లు చచ్చిపోయినా ఆకు వాలుతుంది. ఎందుకంటే చచ్చిన వేరు తడిలోనే ఉన్నా ఆ నీటిని పైకి అందించలేదు. వాలిన ఆకును చూసి జాలిపడి మరో చెంబు నీళ్ళు పోస్తే, రెండో సందర్భంలో అది మొక్క ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని నీళ్ళు పోసే ముందు చూపుడువేలిని 2 అంగుళాల లోతు వరకు మట్టిలో గుచ్చి చూడాలి, కుండీని ఎత్తి బరువు గమనించాలి. మట్టి పొడిగా, కుండీ తేలికగా ఉంటే అది దాహమే. అడుగు రంధ్రాల నుంచి కారేదాకా నీరు పోసి, పళ్ళెంలో చేరిన నీటిని పారబోస్తే సరిపోతుంది.

మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వాలుతుంటే మొక్కను కుండీలోంచి బయటికి తీయక తప్పదు. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, నొక్కితే గట్టిగా తగులుతుంది. కుళ్ళిన వేరును రెండు వేళ్ళ మధ్య పట్టుకొని మెల్లగా లాగితే పైపొర తొడుగులా జారిపోయి, లోపల దారంలాంటి నార ఒక్కటే మిగులుతుంది. మురుగు వాసన కూడా వస్తుంది. అటువంటి వేర్లన్నిటినీ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో, గట్టి భాగం తగిలేదాకా కత్తిరించాలి. ఈ మొక్క రసంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, అవి చర్మాన్ని మండిస్తాయి కాబట్టి చేతులకు గ్లవుజులు అవసరం. తరువాత కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి గుళికలు), బెరడు ముక్కలు సమపాళ్ళలో కలిపిన మిశ్రమంలో, మిగిలిన వేర్లకు సరిపడేంత చిన్న కుండీలో నాటాలి. పెద్ద కుండీలో వేర్లు అందుకోలేని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండి, కుళ్ళు మళ్ళీ మొదలవుతుంది. కొత్త చిగురు కనబడేవరకు ఎరువు వేయకూడదు.

వేర్లన్నీ పోయినా ఆశ వదులుకోవద్దు. ఒక కణుపు, వీలైతే ఒక గాలివేరు ఉండేలా కాండాన్ని కోసి నీటిలో పెడితే కొన్ని వారాలలో కొత్త వేర్లు వస్తాయి. కణుపు లేని ఆకు నీటిలో ఎన్నాళ్ళు పచ్చగా ఉన్నా దాని నుంచి చిగురు రాదు.

సమస్య: కొత్త ఆకులకు చీలికలు రావడం లేదు

లేత మొక్క ఆకులు హృదయాకారంలో నిండుగానే ఉంటాయి, దానికి వయసు రావాలి. పెరిగిన మొక్క సైతం చిన్న ఆకులే వేస్తూ, కణుపుల మధ్య దూరం పెరుగుతూ కిటికీ వైపు సాగుతుంటే అది వెలుతురు లేమి. కిటికీకి మీటరు లోపు దూరంలో, మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని చోటికి మార్చి, ఎక్కడానికి నాచు చుట్టిన కర్రను ఆసరాగా ఇవ్వాలి. విచ్చుకున్న ఆకుకు తరువాత చీలికలు రావు కాబట్టి, ఫలితం కోసం రాబోయే ఆకులనే చూడాలి.

సమస్య: ఆకు అంచులు ఎండి గోధుమ రంగుకు మారుతున్నాయి

పొడి గాలి, నీళ్ళు పోయడంలో తేడాలు, మట్టిలో పేరుకున్న లవణాలు దీనికి కారణాలు. కుండీ అంచున తెల్లటి పొర కడితే ఎరువు ఆపి, కుండీ పరిమాణానికి మూడు నాలుగు రెట్ల నీటిని మెల్లగా పోసి మట్టిని కడగాలి. ఏసీ గాలి నేరుగా తగులుతుంటే చోటు మార్చాలి. ఆకులపై రోజూ నీళ్ళు చిలకరించడం వల్ల పెద్ద మేలు ఉందని నేను అనుకోను, ఆ తేమ కాసేపటికే ఆవిరైపోతుంది. తెల్లవారేసరికి ఆకు కొనల నుంచి నీటి బొట్లు జారుతుంటే మాత్రం అది తెగులు కాదు, ఎక్కువైన నీటిని మొక్క బయటికి పంపుతోందన్నమాట.

సమస్య: ఆకులపై వెండి చారలు, సన్నని చుక్కలు

ఆకును తిప్పి అడుగుభాగం చూడాలి. సాలెగూడులాంటి సన్నని దారాలుంటే ఎర్రనల్లి అనే అతిచిన్న పురుగు. వెండి చారలతోపాటు నల్లటి చుక్కల్లాంటి రెట్ట ఉంటే తామర పురుగులు (త్రిప్స్). మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టి, ఆకులను రెండువైపులా తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. ఒక్కసారితో ఇది తీరదు. గుడ్లు తరువాత పొదుగుతాయి, తామర పురుగులు ఒక దశను మట్టిలోనే గడుపుతాయి; కాబట్టి పురుగు కనబడకపోయినా వారానికొకసారి చొప్పున కనీసం నాలుగు వారాలు కొనసాగించి, పై పొర మట్టిని కూడా మార్చాలి.