ఆయాసం ముదిరితే ఎలా గుర్తించాలి? 108 వచ్చేలోపు ఏం చేయాలి?

రాత్రంతా ఆయాసంతో మంచం మీద కూర్చునే ఉన్న తాతగారు తెల్లవారుజామున మెల్లగా తల వాల్చేస్తారు. ‘హమ్మయ్య, ఇప్పటికి కునుకు పట్టింది, లేపకండి’ అంటారు ఇంట్లోవాళ్లు. లేపాల్సింది అప్పుడే. ఊపిరి తీసే కండరాలు అలిసిపోయి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయినా ఇలాంటి మగతే వస్తుంది.

1. మాట్లాడించండి. ‘రాత్రి ఏం కూర తిన్నారు?’ అని అడగండి. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నా, పొంతన లేకుండా చెబుతున్నా ప్రమాదమే.

2. చొక్కా విప్పి చూడండి. మెడ నరాలు, కండరాలు బిగుస్తున్నాయా? పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోందా? పిల్లల విషయంలో ‘డొక్కలెగరేస్తున్నాడు’ అనేది దీన్నే. నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు, 25 దాటితే ఆలస్యం వద్దు. నీలిరంగు కోసం నాలుక, పెదవి లోపలివైపు చూడండి. చామనఛాయ చర్మం మీద అది త్వరగా తెలియదు.

3. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్‌ను గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టండి. చెయ్యి చల్లగా ఉంటే ముందు రుద్ది వెచ్చబెట్టండి. 90 కంటే తగ్గితే 108కి ఫోన్ చేయండి. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకు డాక్టర్లు 88 నుంచి 92 చాలంటారు కాబట్టి వాళ్ల మామూలు అంకె ఎంతో ముందే తెలుసుకుని ఉండాలి. అంకె బాగున్నా మనిషి బాగోకపోతే మనిషినే నమ్మండి, ఫోన్ చేయండి.

4. పడుకోబెట్టకండి. ఒళ్లో రెండు దిండ్లు పెట్టి, వాటి మీద మోచేతులు ఆనించి ముందుకు వంగి కూర్చోనివ్వండి. చుట్టూ మూగకండి. మగతగా ఉంటే మంచినీళ్లు కూడా పట్టొద్దు. నిద్రమాత్ర అసలే వద్దు. ఆస్తమా అయితే వెంటనే ఉపశమనమిచ్చే నీలం ఇన్హేలర్‌ను స్పేసర్ అనే గొట్టంతో అర నిమిషానికో పఫ్ చొప్పున, పది వరకు ఇవ్వొచ్చు. ఇంట్లో ఆక్సిజన్ ఉంటే డాక్టర్ చెప్పినంతే పెట్టండి. సీఓపీడీ వాళ్లకు ‘ఇంకాస్త పెంచుదాం’ అని నాబ్ తిప్పితే ఆ మగత ఇంకా ముదురుతుంది.

5. పిలిచినా పలక్కుండా, ఊపిరి కూడా ఆగిపోతే నేల మీద పడుకోబెట్టి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండండి.

ఆస్పత్రిలో మణికట్టు ధమని నుంచి రక్తం తీస్తారు. కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చెప్పేది ఆ పరీక్షే, ఆక్సీమీటర్ చెప్పలేదు. గాలిని ఒత్తిడితో లోపలికి పంపే బైపాప్ మాస్కు పెడితే మొదట్లో ఊపిరాడనట్టు అనిపించి చాలామంది పీకేయబోతారు. పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకోండి.