కారు పెయింటు మీద చెట్టు బంక: ఏ మరకను ఎలా వదిలించాలి, పోయిన మెరుపును ఎలా తెప్పించాలి

ఎండాకాలం చెట్టు నీడ దొరికితే కారు అక్కడే పెడతాం. సాయంత్రానికి బానెట్ మీద, రూఫ్ మీద బంక బొట్లు పడి ఉంటాయి. ఇక గోటితో గీకడం, కిరోసిన్ గుడ్డతో రుద్దడం మొదలవుతుంది. చాలా కార్ల మెరుపు పోయేది బంక వల్ల కంటే ఈ రుద్దుడు వల్లే. అన్ని చెట్ల నుంచి కారేది ఒకే పదార్థం కాదు. కొన్ని నీళ్లకు కరుగుతాయి, కొన్నిటికి స్పిరిట్ (ఆల్కహాల్) కావాలి, కొన్ని నూనెకు తప్ప లొంగవు. పడింది ఏమిటో తేల్చుకున్నాకే సీసా మూత తీయాలి.

ఫ్యాక్టరీ పెయింటు పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మందమే ఉంటాయి. అందులో పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్ వాటా సుమారు 40, 50 మైక్రాన్లు. అంటే తల వెంట్రుక కంటే పల్చన. పాలిష్ పట్టినప్పుడల్లా ఈ పొర కొంత అరిగిపోతుంది, అరిగింది తిరిగి రాదు. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ మెత్తని పద్ధతితో మొదలుపెట్టి, అది పనిచేయకపోతేనే గట్టి పద్ధతికి వెళ్లాలి.

మొదలుపెట్టే ముందు

కారును నీడలో పెట్టి, రేకు చల్లబడే దాకా ఆగండి. చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే షాంపూ, స్పిరిట్, పాలిష్ అన్నీ క్షణాల్లో ఆరిపోయి వాటి మరకలు కొత్తగా పడతాయి. ముందు పైపు నీళ్లతో దుమ్ము పోగొట్టండి. 10 లీటర్ల నీళ్లలో 20 నుంచి 30 మిల్లీలీటర్ల కారు షాంపూ కలిపి కడగండి. గుడ్డ జాడించుకోవడానికి రెండో బకెట్ తప్పకుండా ఉండాలి. బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ వాడితే పాత వ్యాక్స్ (పెయింటును కాపాడే మైనపు పూత) పోతుంది. గుడ్డ మైక్రోఫైబర్‌దే కావాలి. షెడ్లలో వాడే వేస్ట్ గుడ్డల్లో కుట్లు, గుండీల ముక్కలు ఉంటాయి, అవి గీతలు పెడతాయి.

కారుకు ఎప్పుడైనా డెంటింగ్, పెయింటింగ్ జరిగి ఉంటే ఆ ప్యానెల్ సంగతి వేరు. బయట షెడ్లో వేసిన పెయింటు కొన్నిసార్లు స్పిరిట్‌కే మెత్తబడుతుంది. డోరు లోపలి అంచు లాంటి కనబడని చోట దూదితో ఒక చుక్క అద్ది, నిమిషం ఆగి తుడవండి. దూదికి రంగు అంటినా, ఆ చోటు మసకబారినా అక్కడ స్పిరిట్ వాడకూడదు.

తేనె రంగులో, ఎండి గట్టిపడిన బొట్లు

వేప, తుమ్మ, మునగ చెట్ల కింద పడేవి ఇవే. అంతర్జాలంలో ఎక్కువగా కనిపించే సలహా, ఏ బంకకైనా ఆల్కహాల్ రాయమని. పైన్ చెట్లున్న దేశాల్లో అది సరైన సలహాయే. మన వేప బంకకు, తుమ్మ జిగురుకు మాత్రం పనికిరాదు. ఇవి చక్కెర జాతి పదార్థాలతో ఏర్పడిన బంకలు, ఆల్కహాల్‌లో కరగవు. పైగా ఆల్కహాల్ వాటిలో మిగిలిన తేమను లాగేసి ఇంకా బిగుసుకునేలా చేస్తుంది. వీటికి కావలసింది నీళ్లు, ఓపిక.

అనుమానంగా ఉంటే బొట్టు మీద నాలుగు చుక్కల గోరువెచ్చని నీళ్లు వేసి ఐదు నిమిషాలు ఆగి వేలితో తాకి చూడండి. పైభాగం జారుడుగా, జిగటగా మారితే అది నీటికి లొంగే బంక. ఏ మార్పూ లేకపోతే రెసిన్, అంటే నీళ్లకు లొంగక స్పిరిట్‌కు కరిగే బంక, అనుకోవచ్చు.

చెయ్యి పట్టేంత వేడి నీళ్లలో, అంటే 45, 50 డిగ్రీల దగ్గర, మైక్రోఫైబర్ గుడ్డను ముంచి, నాలుగు మడతలు వేసి బొట్టు మీద పరచండి. మరిగే నీళ్లు పోయకండి. 10 నుంచి 15 నిమిషాల పాటు గుడ్డ ఆరకుండా మధ్యమధ్యలో వేడి నీళ్లు చల్లుతూ ఉండాలి. బంక ఉబ్బి జెల్లీలా అవుతుంది. అప్పుడు రుద్దకుండా గుడ్డతో పట్టుకుని పక్కకు లాగితే ముద్దగా వచ్చేస్తుంది. అడుగున పల్చటి పొర మిగిలితే మళ్లీ నానబెట్టండి. మునగ బంక కరగడం తక్కువ, ఉబ్బడం ఎక్కువ. కాబట్టి అది కరిగిపోతుందని ఎదురుచూడక ఉబ్బగానే ఎత్తేయండి. నెలల తరబడి ఎండిన పెద్ద బొట్టయితే నాలుగైదు సార్లు నానబెట్టాల్సి రావచ్చు. ఆ విసుగులోనే గోరు, పాత ఏటీఎం కార్డు బయటికొస్తాయి. సగం నానిన బంక అంచులు గట్టిగానే ఉంటాయి, గీకితే అవే పెయింటును కోస్తాయి.

రూఫంతా సన్నని జిగట, కొన్నాళ్లకు నల్లటి పొర

ఇది చెట్టు బంక కాదు. మామిడి పూత కాలంలో చేరే తేనెమంచు పురుగులు, ఇతర చెట్ల మీద పేనుబంక, పిండినల్లి లాంటివి రసం పీల్చి వదిలే తీపి ద్రవం. దాని మీద బూజు పెరిగితే నల్లబడుతుంది. మామిడాకుల మీద కనిపించే మసి కూడా ఇదే.

చక్కెర కాబట్టి గోరువెచ్చని షాంపూ నీళ్లు చాలు. నురగను ఐదు నిమిషాలు ఉంచి, కడిగి, నల్లటి పొర ఉన్నచోట ఇంకోసారి. పొడి గుడ్డతో మాత్రం తుడవకండి, జిగటకు అంటుకున్న ఇసుక రేణువులన్నీ గీతలు గీస్తాయి. అద్దం మీద పడితే వైపర్ వేయకుండా ముందు కడిగి, వైపర్ రబ్బరును తడిగుడ్డతో విడిగా తుడవండి. లేకపోతే వాన పడ్డ రాత్రి అద్దమంతా పొగమంచు పట్టినట్టు అలుక్కుపోతుంది.

ముదురు గోధుమ రంగు చార, చుట్టూ జిడ్డు

మామిడి సొన. కాయ తెంపినప్పుడు తొడిమ దగ్గర చిమ్మేది, కొమ్మ విరిగితే కారేది. ఇందులో ఆమ్లమూ ఉంది, ఘాటైన నూనెలూ ఉన్నాయి. కాయ తొక్కనే కాల్చి నల్లమచ్చ చేసే పదార్థం ఇది, ఎండలో కాగిన క్లియర్ కోట్ మీద ఊరికే ఉండదు. ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. పచ్చిగా ఉండగా షాంపూ నీళ్లతోనే చాలా భాగం పోతుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, చర్మం మీద పొక్కులు వస్తాయి.

ఎండిపోతే స్పిరిట్ కావాలి. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ గానీ, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ పనికొస్తుంది. దూదిని తడిపి మరక మీద 30 నుంచి 60 సెకన్లు ఆనించి ఉంచండి. తర్వాత మైక్రోఫైబర్‌తో ఒకే వైపు తేలిగ్గా లాగండి. ప్రతిసారీ గుడ్డలో శుభ్రమైన భాగమే వాడాలి, లేకపోతే కరిగిన సొన పక్కకు పాకుతుంది. డోరు మీద నిలువుగా ఉన్న మరకకు శానిటైజర్ జెల్ బాగుంటుంది, జారకుండా నిలుస్తుంది. మూడు నాలుగు సార్లు చేసినా కదలకపోతే ఆపి, కడిగి, ఆరాక మళ్లీ మొదలుపెట్టండి. స్పిరిట్‌ను నిమిషాల తరబడి నిల్వ ఉంచవద్దు. దగ్గరలో సిగరెట్, మంట ఉండకూడదు.

అమెరికాలో పైన్ చెట్ల కింద కారు పెట్టే మనవాళ్లకూ పద్ధతి ఇదే. గడ్డకట్టిన పైన్ రెసిన్‌ను ముందు హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా అయ్యేదాకా మెత్తబరిస్తే స్పిరిట్ లోపలికి దిగుతుంది. పెయింటు తొలగించే హీట్ గన్ ఈ పనికి వాడకూడదు.

చివర ఆ చోటును షాంపూతో కడగండి. స్పిరిట్ తగిలిన చోట వ్యాక్స్ పోయినట్టే, మళ్లీ పట్టాలి.

రబ్బరులా సాగే మరక

మర్రి, రావి, పనస, దేవగన్నేరు చెట్ల పాలు. ఎండాక గోధుమ రంగుకు తిరిగి, లాగితే సాగుతాయి. నీళ్లకు లొంగవు, స్పిరిట్‌కూ అంతంత మాత్రమే. పనసకాయ కోసేటప్పుడు కత్తికి, చేతికి నూనె రాసుకుంటాం కదా, ఇక్కడా సూత్రం అదే. కొబ్బరినూనె కొద్దిగా రాసి పది నిమిషాలు వదిలి, గుడ్డతో దొర్లిస్తే ఉండల్లా ఊడుతుంది. మొండిదైతే పెయింటు షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్, లేదా కిరోసిన్, గుడ్డ మూలకు నాలుగు చుక్కలు అద్ది ఆ మరక మీద మాత్రమే. వెంటనే షాంపూతో రెండుసార్లు కడగాలి, జిడ్డు మిగిలితే దుమ్మంతా అక్కడే చేరుతుంది. పెట్రోల్, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వకండి. థిన్నర్ రీపెయింట్‌ను లేపేస్తుంది, హెడ్‌లైట్ ప్లాస్టిక్‌కు సన్నని పగుళ్లు తెస్తుంది.

కంటికి శుభ్రంగా ఉంది, చేతికి గరుకుగా తగులుతోంది

బంక రేణువులు, రోడ్డు తారు, బ్రేక్ దుమ్ము పెయింటుకు అతుక్కుని ఉన్నాయి. పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని తడిమితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. దీనికి క్లే బార్ (అతుక్కున్న రేణువులను లాగేసే మెత్తని బంకమట్టి లాంటి ముద్ద) వాడాలి. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల షాంపూ కలిపి స్ప్రే సీసాలో పోయండి. రెండడుగుల చదరం మీద ధారాళంగా కొట్టి, చిన్న బిళ్లగా వత్తిన క్లేను బరువు వేయకుండా నిలువు, అడ్డం నడిపించండి. మొదట గరగరమంటుంది, శబ్దం ఆగిందంటే ఆ చోటు అయిపోయినట్టు. మురికి కనబడగానే క్లేను మడిచి కొత్త ముఖం తీయాలి. కింద పడితే ఆ ముక్క పారేయాల్సిందే.

బంక పోయింది, గుండ్రని మచ్చ మిగిలింది

బంక ఎండుతూ కుంచించుకుపోయేటప్పుడు కింది క్లియర్ కోట్‌ను లాగుతుంది. ఎండ వేడికి మెత్తబడ్డ పొర ఆ ఆకారంలోనే నిలిచిపోతుంది. సొన అయితే ఆమ్లం కూడా తోడై కొంత తింటుంది. టార్చిని ఏటవాలుగా పట్టి చూడండి. గోరును మచ్చ అంచు మీదుగా మెల్లగా జరపండి. గోరుకు ఏమీ తగలకపోతే పాలిష్‌తో పోయే అవకాశం బాగా ఉంది. అంచు దగ్గర గోరు ఆగితే లోతుగా దిగినట్టు.

చిన్న మచ్చకు చేతి పనే చాలు. ఫోమ్ అప్లికేటర్ (స్పాంజి బిళ్ల) మీద ఫినిషింగ్ పాలిష్ (అన్నిటికంటే మెత్తని పాలిష్) శనగగింజంత వేసి, మచ్చ చుట్టూ అరచేయంత మేర, మధ్యస్థమైన ఒత్తిడితో నిమిషం, నిమిషంన్నర రుద్దండి. తుడిచి చూడండి. సగం తగ్గితే ఇంకోసారి చేయండి. అసలు కదలకపోతేనే రబ్బింగ్ కాంపౌండ్ (ఇంకా గరుకైన పాలిష్), ఆ తర్వాత తప్పనిసరిగా మళ్లీ ఫినిషింగ్ పాలిష్.

బానెట్ అంతా ఉంటే డ్యూయల్ యాక్షన్ (ప్యాడ్ తిరుగుతూనే ఊగే) పాలిష్ మిషన్ తీసుకోండి. ప్యాడ్ ఒకేచోట గుండ్రంగా తిరిగే రోటరీ మిషన్ అనుభవం ఉన్నవాళ్లకే, అది ఒకేచోట క్షణం ఎక్కువ నిలిస్తే అంచుల దగ్గర పెయింటు కాలిపోతుంది. 5 అంగుళాల ప్యాడ్‌కు నాలుగు చుక్కల పాలిష్, మిషన్ మీది స్పీడ్ నంబరు 4, రెండడుగుల చదరంలో నిలువు, అడ్డం కలిపి నాలుగైదు విడతలు. ప్యానెల్ గీతలు, మలుపుల మీద క్లియర్ కోట్ మరీ పల్చన, అక్కడ టేపు అంటించండి. నల్ల ప్లాస్టిక్ బీడింగుకు కూడా టేపు వేయండి, పాలిష్ ఎండి తెల్లబడితే దాని సందుల్లోంచి తీయడం పెద్ద పని.

2000, 3000 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే సన్నని ఉప్పుకాగితం) పట్టడం చివరి మార్గం. మందం కొలిచే గేజ్ లేకుండా ఆ పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

పాలిష్ తర్వాత తెల్లటి మసక, లేదా రెండు వాష్‌లకే మెరుపు మాయం

మసకకు కారణం సాధారణంగా కాంపౌండ్ దగ్గరే ఆగిపోవడం, ప్యాడ్ మురికితో నిండిపోవడం, లేదా ఎండలో పని చేయడం. కొత్త మెత్తని ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో ఇంకో విడత వేస్తే తేటబడుతుంది.

రెండోది మోసపుచ్చే మెరుపు. చౌక రబ్బింగ్ పాలిష్‌లలో ఉండే నూనెలు గీతలను పూడ్చి దాచేస్తాయి. అవి కడుక్కుపోగానే పాత గీతలు బయటపడతాయి. అందుకే బయట పాలిష్ చేయిస్తే డబ్బులిచ్చే ముందే ఐసోప్రొపైల్, నీళ్లు సమపాళ్లలో కలిపి ఒక ప్యానెల్ తుడిపించి చూడండి. తర్వాత కూడా మెరుస్తుంటే పని నిజంగా జరిగినట్టు. వ్యాక్స్ పట్టాల్సింది ఈ తుడుపు తర్వాతే. చాలా పల్చగా పట్టి, 15 నుంచి 20 నిమిషాలు ఆరనిచ్చి తుడవాలి. మందంగా పట్టినంత మాత్రాన ఎక్కువ కాలం నిలవదు.

గుడ్డకు కారు రంగు అంటుతోంది

వెంటనే ఆపండి. ఆ ప్యానెల్‌కు క్లియర్ కోట్ లేని పెయింటు వేసి ఉండాలి, లేదా ఉన్న క్లియర్ కోట్ అరిగిపోయి ఉండాలి. మొదటిదైతే అతి మెత్తని పాలిష్, వ్యాక్స్ వరకే. రెండోదైతే ఆ ప్యానెల్ మళ్లీ పెయింట్ వేయించాల్సిందే. పొరలు లేచి తెల్లగా ఊడుతున్న చోట ఎంత పాలిష్ కొట్టినా లాభం లేదు.

సిరామిక్ కోటింగ్ ఉన్న కారుకు నీళ్లు, స్పిరిట్ వరకు ఇబ్బంది లేదు, పాలిష్ పడితే మాత్రం కోటింగే పోతుంది. పీపీఎఫ్ (పెయింటును కాపాడడానికి అంటించే పారదర్శకమైన) ఫిల్మ్ మీద కాంపౌండ్ పెట్టకండి. మ్యాట్ పెయింటుకు క్లే, పాలిష్, వ్యాక్స్ మూడూ నిషిద్ధం, ఒక చోట రుద్దితే అక్కడ శాశ్వతంగా మెరుస్తుంది.

మళ్లీ పడకుండా

మూడు నెలలకోసారి వ్యాక్స్ లేదా సీలెంట్ ఉంటే బంక నేరుగా పెయింటును పట్టుకోదు, తీయడానికి వ్యవధి దొరుకుతుంది. బంక పడిన కారు మీద కడగకుండా బాడీ కవర్ కప్పకండి, వేడికి గుడ్డ పోగులు బంకలో అతుక్కుని ఇంకా చిక్కవుతుంది. కారులో ఒక నీళ్ల సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఉంచుకుంటే చాలు. స్పిరిట్, శానిటైజర్ మాత్రం ఎండలో నిలిపే కారులో వదలకూడదు. చెట్టు కింద రోజూ పెట్టేవాళ్లు నెలకోసారి బానెట్ ఎత్తి, వైపర్ల కింది జాలీలో ఇరుక్కున్న వేపాకు, పూత తీసేయండి. ఆ నీటి దారి మూసుకుపోతే వానాకాలంలో నీళ్లు కారు లోపలికి, కాళ్ల దగ్గరి కార్పెట్ కిందికి దిగుతాయి.