ప్రసూతి డబ్బులు ఎవరి జేబులోంచి రావాలో ముందు తేల్చుకోండి

మా వదిన పలాసలో జీడిపప్పు ఒలిచే పనికెళ్తాది, కిలోల లెక్కన కూలి, జీడి రసానికి వేళ్లు నల్లగా మాడిపోయుంటాయి. కడుపుతో ఉన్నప్పుడు గవర్నమెంటు డబ్బులొస్తాయంట కదా అని అడిగితే ఒకరు ఈఎస్ఐ (కార్మికుల బీమా) అన్నారు, ఒకరు అంగన్వాడీ అన్నారు, ఇంకొకరు మీ ఓనరే ఇవ్వాలన్నారు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు, కాకపోతే ఆ మూడూ మూడు కాలాల్లో పుట్టినవి.

ఇచ్చేది ఎవరన్న గొడవ పాతదే. 1928లో బొంబాయి కౌన్సిల్లో అంబేద్కర్ ఈ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే మొయ్యాలన్నారు, 1929లో అక్కడ చట్టం వచ్చేసరికి భారం యజమాని మీద పడింది. మన దగ్గర ఇప్పటికీ ఆ రెండు దారులూ ఉన్నాయి.

ముందు జీతం స్లిప్పు తియ్యండి. అందులో ఈఎస్ఐ అని 0.75 శాతం కట్ అవుతుంటే మీది 1948లో వచ్చిన చట్టం దారి, ఓనర్ ఇంకో 3.25 కలిపి కడతాడు, మీ డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తాది. నెల జీతం 21,000 లోపు వాళ్లకి ఇది. అంతకుముందు రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి) కనీసం 70 రోజులకి కట్టి ఉండాలి, అప్పుడు 26 వారాలు పూర్తి జీతం.

ఈఎస్ఐ లేదు, కానీ ఫ్యాక్టరీయో పదిమంది, అంతకుమించి ఉన్న షాపో అయితే ఓనరే ఇవ్వాలి. ఇది 1961 చట్టం, అప్పుడు 12 వారాలు, 2017లో 26 చేశారు (ఇద్దరు పిల్లలున్నాక మళ్లీ కాన్పయితే 12 వారాలే). ఈ చట్టం 2025 నవంబర్ 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ అనే కొత్త చట్టంలో కలిసిపోయింది, లెక్క మాత్రం అదే. కాన్పుకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. డైలీ కూలీలకి వర్తించదు అని మేస్త్రీ అంటే నమ్మకండి, ఢిల్లీ మున్సిపాలిటీ మస్టర్ రోల్ కూలీల కేసులో 2000లోనే సుప్రీంకోర్టు వాళ్లకీ ఇవ్వాలని చెప్పేసింది. నోటితో అడగొద్దు, కాగితం మీద రాసిచ్చి ఇంకో కాపీ మీద సంతకం తీసుకోండి, ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకి ఆ కాపీయే పనికొస్తాది.

ఈ రెండూ లేనోళ్లకి, అంటే ఉపాధి పనికెళ్లేవాళ్లు, ఇంటి దగ్గర పని చేసుకునేవాళ్లు, వీళ్లకి మాతృ వందన అనే కేంద్ర పథకం. 2010లో వేరే పేరుతో, 4,000తో కొన్ని జిల్లాల్లో మొదలైంది, 2013 ఆహార భద్రత చట్టంలో 6,000కి తగ్గకూడదని రాశారు, 2017లో దేశమంతా పెట్టేటప్పుడు 5,000 చేశారు (మిగతాది ఆసుపత్రి కాన్పుకిచ్చే జననీ సురక్ష డబ్బులో కలిపి చూసుకోవాలంట, ఏటి లెక్కో!). ఇప్పుడు మొదటి బిడ్డకి 3,000, 2,000 రెండు విడతలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000. జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, రేషన్ కార్డు ఏదున్నా సరిపోద్ది. ఈఎస్ఐలో జీతం వస్తున్నోళ్లకి మళ్లీ ఇది రాదు.

నెల తప్పగానే అంగన్వాడీలోనో ఆశా దగ్గరో పేరు రాయించి, మొదటి చెకప్ ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) ఎక్కించుకోండి, తొలి విడతకి అదే ఆధారం. రెండో విడతకి బర్త్ సర్టిఫికెట్, బిడ్డకి మొదటి దఫా టీకాలన్నీ పడాలి. మనోళ్లు పురిటికి పుట్టింటికెళ్తారు కదా, టీకాలు ఏ ఊళ్లో వేయించినా అదే కార్డు పట్టుకెళ్లండి, కొత్త కార్డు రాయించుకుంటే లెక్క తెగిపోద్ది.

అసలు తంటా బ్యాంకు దగ్గర. వదినకి మాతృ వందన శాంక్షన్ అయిందని మెసేజ్ వచ్చింది, పాస్‌బుక్‌లో పైసా లేదు, నాలుగు నెలలు తిరిగాం. తీరా చూస్తే డబ్బు పెళ్లికి ముందు ఉపాధి కూలి కోసం కన్నోళ్ల ఊళ్లో తీసిన అకౌంట్లో పడుంది, ఆధార్ లింకు దానికే ఉంది మరి. అందుకే అప్లికేషన్ పెట్టకముందే ఆధార్ ఏ బ్యాంకుకి లింకయిందో చూసుకోండి, ఆధార్‌లో ఇంటిపేరు పుట్టింటిదా అత్తింటిదా, పాస్‌బుక్‌లో ఏముందో కూడా. వదిన పాపని చంకనేసుకుని ఆ ఊరు బస్సెక్కి వెళ్లి మూడువేలూ తెచ్చుకుంది.