కాలేజీలో దూరవిద్య: ప్లాన్ ఎలా వేయాలి, ఎలా నడిచిందో ఎలా తేల్చుకోవాలి?

ముందుగా సిలబస్ కాదు, చేరినవాళ్ల జాబితా తీయండి. ఏ ఊరు, ఏం పని, ఫోన్ సొంతదా ఇంటిల్లిపాదిదీనా, ఏ వేళ ఖాళీ: ఒక్కొక్కరినీ అడిగి రాసుకోండి. భీమవరం వైపు రొయ్యల చెరువు మీద రాత్రంతా ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) చూసుకునే కుర్రాడికి ఉదయం తొమ్మిదింటి ఆన్‌లైన్ క్లాసు అంటే నిద్రపోయే వేళ.

తర్వాత క్యాలెండర్. మన డెల్టాలో దీన్ని గోదావరిని అడిగి వేయాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. కాజ్‌వేలు మునిగాక కోనసీమ లంకలవాళ్లకు పడవే దిక్కు. ఒక ఏడాది మేం అసైన్‌మెంట్ గడువు ఆగస్టులో పెట్టాం. లంకల పిల్లలు చాలామంది ఇవ్వలేకపోయారు. తప్పు వాళ్లది కాదు, మాది. జూలై, ఆగస్టుల్లో గడువులు వద్దు. సార్వా, దాళ్వా (తొలి, మలి వరి పంటలు) కోతల రోజుల్లో ఆదివారం క్లాసులు కూడా వద్దు.

గంటల లెక్క కూడా వేయండి. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. అంటే 4 క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. 20 వారాలకు పంచితే వారానికి 6 గంటలు. నాలుగు పేపర్లయితే 24. ఈ సంగతి చేరే రోజే చెప్పాలి, లేకపోతే పరీక్షల ముందు టెన్షన్ తప్పదు.

వీడియోలు చిన్నవిగా చేయండి. కాలేజీకి వచ్చినప్పుడు ఫోన్‌లోకి ఎక్కించుకునే వీలుంచండి.

ఇక ఎలా నడిచిందో చూడటం. పాస్ శాతం చూసి సంతోషపడకండి. 60 మంది చేరారు, 30 మంది పరీక్ష రాశారు, 27 మంది పాసయ్యారు అనుకోండి. రాసినవాళ్లలో 90 శాతం, చేరినవాళ్లలో 45 శాతమే. రెండో లెక్కే నోటీసు బోర్డు మీద పెట్టండి. మధ్యలో ఆగిన ఆ 30 మంది గురించి చెప్పేది అదొక్కటే.

అయితే ఏడాది చివరిదాకా ఆగితే వాళ్లు దొరకరు. మొదటి అసైన్‌మెంట్ రాని వారంలోనే ఫోన్ చేయాలి. ఇరవై మందికి ఒక లెక్చరర్ చొప్పున బాధ్యత అప్పగించండి. "ఎందుకు రాయలేదమ్మా?" అంటే పిల్లలు సారీ చెప్పి ఫోన్ పెట్టేస్తారు. "ఏ పాఠం దగ్గర ఆగావమ్మా?" అని అడిగితే విషయం బయటికొస్తుంది: పాఠం అర్థం కాలేదనో, పెళ్లి కుదిరిందనో, ఫీజుకు డబ్బు చాలలేదనో. పేరు పక్కనే కారణం రాసుకోండి. వచ్చే ఏడాది క్యాలెండర్ వేయడానికి కూర్చున్నప్పుడు ముందు ఆ కాగితం తీయండి.