నల్లని కోటింగ్ గుడ్డపై గుర్తులు పెట్టడానికి సరైన సాధనాన్ని ఎంచుకోవడం ఎలా?

నూలు గుడ్డ మీద గీత గీయడానికి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. చేతికందిన చాక్ ముక్క ఏదైనా పని చేస్తుంది, మిగిలిన మరక ఉతుకులో పోతుంది. అదే నల్లటి రెయిన్‌కోటు గుడ్డో, బ్యాగులకు వాడే కోటింగ్ నైలానో అయితే రెండు చిక్కులు ఒకేసారి ఎదురవుతాయి. ముదురు రంగు మీద మామూలు పెన్ను, పెన్సిలు కనిపించవు. కనిపించే తెల్ల చాక్ ఏమో నున్నటి పూత మీద నిలవదు. చాలామంది మొదటి చిక్కునే లెక్కలోకి తీసుకుని, దుకాణంలో అన్నిటికన్నా తెల్లగా గీసేదాన్ని కొని తెచ్చుకుంటారు. కానీ సాధనాన్ని నిర్ణయించేవి గుడ్డ రంగు కన్నా దాని పూత, ఆ పైన గీత పడే చోటు. బైకు మీద ఆఫీసుకు వెళ్లేవారు వానాకాలంలో బ్యాగుకు తొడిగే రెయిన్ కవరును ఉదాహరణగా తీసుకుని, ఈ ఎంపికను వరుసగా చూద్దాం.

మొదటి మెట్టు: పూత ఏమిటో తేల్చుకోండి

దుకాణంలో పారాచూట్ గుడ్డ, రెయిన్‌కోటు గుడ్డ, బ్యాగు గుడ్డ అని అడిగితే ఇచ్చేవాటిలో ఎక్కువ భాగం నైలాన్ లేదా పాలిస్టర్ నేతకు ఒక వైపు పాలీయురిథేన్ పూత, అంటే పీయూ కోటింగ్, వేసినవే. పూత ఉన్న వైపు కాస్త మెరుస్తూ, వేలికి రబ్బరులా తగులుతుంది. రెండో వైపు నేత స్పష్టంగా కనిపిస్తుంది. గుడారాలకు వాడే పలుచని సిల్‌నైలాన్‌లో సిలికాన్ రెండు వైపులా పట్టి ఉంటుంది కాబట్టి ఎటు తాకినా జారుతూనే ఉంటుంది. పీవీసీ పూత గుడ్డ మందంగా, బరువుగా, ప్లాస్టిక్ షీటును తలపించేలా ఉంటుంది.

అనుమానం తీరకపోతే పూత వైపు ఒక సెల్లోటేపు ముక్కను గట్టిగా నొక్కి అంటించి లాగి చూడండి. పీయూ మీద అది బాగా పట్టుకుంటుంది, సిలికాన్ మీద అంటీ అంటనట్టు ఉండి సులువుగా ఊడి వస్తుంది. నీటి చుక్క వేసి చూడమని కొందరు చెబుతారు గాని, పీయూ గుడ్డ బయటి వైపు కూడా నీరు జారిపోయే మందు పట్టించి ఉంటుంది కాబట్టి చుక్క రెండు రకాల మీదా ముత్యంలాగే నిలుస్తుంది. దాన్ని చూసి పూత రకం చెప్పలేము.

రెండో మెట్టు: గీత ఎటు వైపు, ఎక్కడ పడుతుందో నిర్ణయించండి

కవరు తిరగేసి కుడతాం కాబట్టి గీతలు లోపలి వైపు, అంటే పూత వైపు, గీయడమే మేలు. అక్కడ పడిన గీత చెరగకపోయినా బయటికి కనిపించదు. అయితే కుడి ఎడమలు ఒకేలా లేని ముక్కలకు కాగితం నమూనాను బోర్లించి పెట్టుకోవాలని గుర్తుంచుకోండి. లేకపోతే కుడి పక్కకు రావలసిన ముక్క ఎడమ పక్కకు తయారవుతుంది.

తరువాత గీతలను రెండు రకాలుగా విడదీయండి. కత్తిరింపు గీత, మార్జిన్‌లో, అంటే కుట్టుకు అవతల వదిలే అంచులో, రెండు ముక్కలు ఎక్కడ కలవాలో చూపే జోడింపు గుర్తులు మొదటి రకం. ఇవి కత్తెర కిందో, కుట్టు లోపలో కనుమరుగవుతాయి కనుక చెరగని సాధనం వాడినా నష్టం లేదు. పట్టీ ఎక్కడ కుట్టాలి, రిఫ్లెక్టర్ టేపు ఎక్కడ రావాలి వంటి గుర్తులు రెండో రకం. ఇవి ముక్క మధ్యలో, చాలాసార్లు బయటి వైపే పడతాయి కనుక పూర్తిగా పోయే సాధనమే కావాలి. ఈ రెండింటికీ ఒకే సాధనం వెతకడం వల్లనే ఎక్కువ గుడ్డ పాడవుతుంది.

మూడో మెట్టు: సాధనాన్ని పూతతో జత చేయండి

దర్జీలు వాడే మట్టి చాక్ నేత వైపు బాగా కనిపిస్తుంది. పూత వైపు మాత్రం పొడి పైపైనే నిలిచి, గుడ్డను మడిచి పక్కన పెట్టేసరికి సగం రాలిపోతుంది. గీసిన వెంటనే కత్తిరించేటట్టయితే ఇది చాలు. మైనం చాక్ సంగతి వేరు. అది నున్నటి పూతకు చక్కగా పట్టుకుంటుంది, కానీ నూలు గుడ్డ మీదలా ఇస్త్రీ వేడితో దాన్ని తీసివేయడం ఇక్కడ కుదరదు. వేడి ఇస్త్రీకి పూత, నైలాన్ రెండూ చెడతాయి. పైగా కుట్టు వెంట మైనం జిడ్డు ఉంటే, సూది రంధ్రాల గుండా నీరు రాకుండా తరువాత పూసే సీలెంటు గాని, అంటించే సీమ్ టేపు గాని సరిగా అంటుకోదు. నీరు ఆపవలసిన గుడ్డకు మైనం చాక్ వాడకపోవడమే మంచిది.

అరిగిపోయిన తెల్ల సబ్బు ముక్కను తేలికగా తీసిపారేయకండి. మన దర్జీలు ఎప్పటి నుంచో వాడుతున్న ఈ సాధనం పీయూ పూత మీద కొన్ని ఖరీదైన పెన్నుల కన్నా నయంగా పని చేస్తుంది. సబ్బులో కొద్దిపాటి మెత్తదనం ఉంటుంది కాబట్టి చాక్ జారిపోయే చోట కూడా అది సన్నని పొరను వదులుతుంది; తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. అంచును బ్లేడుతో పలుచగా చెక్కి, పూర్తిగా ఆరిన ముక్కనే వాడాలి. రంగు సబ్బు వద్దు. బయటి వైపు వాడితే తుడవడం దగ్గర బద్ధకించకూడదు, ఎందుకంటే మిగిలిన సబ్బు నీటిని జారనివ్వక, ఆ చోట గుడ్డ తడిని పట్టుకునేలా చేస్తుంది.

కత్తిరింపు గీతలకు సిల్వర్ పెన్నుకు మించింది లేదు. తోలు పనివారు, రెక్సిన్ సీట్లు కుట్టేవారు వాడే సిల్వర్ రిఫిల్ ఇదే. నల్లని పూత మీద సన్నగా, స్పష్టంగా పడుతుంది, ఏ వెలుతురులోనైనా మెరిసి కనిపిస్తుంది. కానీ దీన్ని చెరగని గీతగానే లెక్క వేసుకుని మార్జిన్ దాటనివ్వకండి. తెల్ల జెల్ పెన్ను కూడా పీయూ మీద రాస్తుంది గాని, పూత సిరాను పీల్చుకోదు కనుక ఆరడానికి సమయం పడుతుంది. ఈలోగా చేయి తగిలితే చెదిరిపోతుంది. సిలికాన్ మీద ఆ సిరా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. సిల్‌నైలాన్‌కు వెండి రంగు పర్మనెంట్ మార్కరే కాస్త నమ్మదగినది, అది కూడా మార్జిన్ లోపలే. పీవీసీ మీద బాల్ పెన్ను, పర్మనెంట్ మార్కరు రెండూ ప్రమాదమే. సిరా ప్లాస్టిక్‌లోకి ఇంకి, రోజులు గడిచేకొద్దీ పక్కలకు పాకుతుంది.

వేడికి మాయమయ్యే సిరా పెన్నుల గురించి ఒక మాట చెప్పాలి. పైలట్ సంస్థ ఫ్రిక్సియన్ పెన్నులను క్విల్టు పనివారు ఇష్టపడతారు. ఆ సిరా సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే కనిపించకుండా పోతుంది, కానీ గుడ్డను విడిచిపెట్టదు. ముదురు రంగు మీద తరచు పాలిపోయిన చారను మిగులుస్తుంది. బాగా గడ్డకట్టే చలిలో పాత గీత మళ్లీ తేలుతుంది. చలికాలంలో లదాఖ్ వెళ్లే గుడారం మీద ఇది మంచి వినోదమే గాని, కుట్టేవారికి గౌరవం కాదు. గాలికి మాయమయ్యే ఊదా రంగు పెన్నూ, నీటికి పోయే నీలం పెన్నూ నలుపు మీద కనిపించనే కనిపించవు.

పళ్లున్న ట్రేసింగ్ చక్రాన్ని ఈ గుడ్డ దరిదాపులకు రానివ్వకండి. అది గీత గీయదు, పూతకు వరుసగా రంధ్రాలు పొడుస్తుంది. గుండుసూదుల విషయమూ అంతే: పెట్టక తప్పకపోతే మార్జిన్‌లోనే పెట్టాలి, లేదా క్లిప్పులు వాడాలి.

నాలుగో మెట్టు: మిగులు ముక్క మీద పరీక్షించండి

అదే థానులోని చిన్న ముక్కను తీసుకుని, మీ దగ్గరున్న సాధనాలన్నిటితో రెండు వైపులా తలా ఒక గీత గీయండి. పది నిమిషాలు ఆగి వేలితో రుద్దండి. గీత సాగితే అది చేతిలో తిరిగే ముక్కకు పనికిరాదు. ముక్కను నలిపి విప్పి చూడండి. తరువాత తడి గుడ్డతో తుడిచి, ఒక రాత్రి వదిలేసి, మరునాడు పగటి వెలుతురులో పరీక్షించండి, ఎందుకంటే తడిగా ఉన్నప్పుడు పోయిందనిపించిన తెల్లని చార ఆరాక తిరిగి కనిపించవచ్చు. సిరా మరకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తీయాలనుకుంటే ఆ ప్రయత్నమూ ఈ ముక్క మీదే చేసి, పూత మెరుపు తగ్గలేదని, జిగటగా మారలేదని నిర్ధారించుకోండి. గోళ్ల రంగు తుడిచే ద్రవాన్ని మాత్రం వాడవద్దు.

ఐదో మెట్టు: గీయండి, కత్తిరించండి

నమూనాను సూదులతో గుచ్చకుండా బరువులు పెట్టి నిలపండి. నిండు డబ్బాలైనా సరిపోతాయి. దీపాన్ని తల మీద కాకుండా బల్లకు పక్కగా, తక్కువ ఎత్తులో ఉంచితే పూత మెరుపు కళ్లలోకి కొట్టకుండా గీత తేలి కనిపిస్తుంది. గీత మందాన్ని చిన్నచూపు చూడకండి. కవరుకు నాలుగు జాయింట్లుంటే ఎనిమిది అంచులు కలుస్తాయి; ప్రతి అంచులో ఒక మిల్లీమీటరు అదనంగా మిగిలినా మొత్తం చుట్టుకొలత 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గీత లోపలి అంచు వెంట కత్తిరించాలా, బయటి అంచు వెంటనా అన్నది ముందే అనుకుని, చివరి ముక్క దాకా దానికే కట్టుబడి ఉండండి. జోడింపు గుర్తులను పెన్నుతో రాయడం కన్నా, 10 మిల్లీమీటర్ల మార్జిన్‌లో 3 మిల్లీమీటర్ల గాటు పెట్టడం తేలిక. అది చెరిగిపోదు, రెండు వైపులా కనిపిస్తుంది.

ఆరో మెట్టు: బయటి వైపు గుర్తులకు టేపు వాడండి

పట్టీలు, కొక్కేలు కుట్టే చోటును సన్నని మాస్కింగ్ టేపు అంచుతో చూపితే గుడ్డ మీద ఏ రంగూ పడదు. పట్టీని టేపు అంచుకు ఆనించి, టేపు పక్కగా కుట్టు వేయాలి; టేపు మీదుగా కుడితే సూదికి జిగురు పట్టి కుట్లు తప్పుతాయి. ఎండలో గాని, రోజుల తరబడి గాని టేపును గుడ్డ మీద ఉంచకుండా అదే పూట ఊడదీయండి. సిలికాన్ గుడ్డకు టేపు నిలవదు కనుక అక్కడ ఆ గుర్తును మార్జిన్‌లో గాటు నుంచి కొలుచుకుని, అట్టముక్కతో చేసిన నమూనాను పక్కన పెట్టి కుట్టుకోవాలి.

ఏడో మెట్టు: సీలింగుకు ముందు శుభ్రం చేయండి

కుట్టడం పూర్తయ్యాక, సీలెంటు పూయడానికి ముందు, కుట్టు వెంట మిగిలిన చాక్ పొడిని, సబ్బు పొరను తడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పొడి మీద పూసిన సీలెంటు పొడినే పట్టుకుని, కొన్నాళ్లకు పొరలా లేచి వస్తుంది. పీయూ గుడ్డకు పీయూ సీలెంటు, సిలికాన్ గుడ్డకు సిలికాన్ సీలెంటు మాత్రమే వాడాలి. కుట్టు పక్కన సిల్వర్ గీత ఇంకా కనిపిస్తే రుద్ది పూతను అరగదీయకండి. అది లోపలి వైపే ఉంది కనుక దాని మీదుగానే సీలెంటు పూసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆరనిచ్చాకే కవరును మడవండి.